చివరి ఆయకట్టుకు చేరే సలహా: చిన్న స్వచ్ఛంద సంస్థల వెబ్‌సైట్లకు కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్

పత్తి చేలో అమర్చిన లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు, రాత్రికి 8 చొప్పున గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులు పడితే నివారణ చర్యలు చేపట్టవలసిన స్థాయి వచ్చినట్లు పరిగణిస్తారు. గుడ్డి పూలు 10 శాతానికి చేరినా అదే హెచ్చరిక. గుడ్డు నుంచి వెలువడిన లార్వా కాయలోకి తొలుచుకొని పోయిన తరువాత పైన చల్లిన మందు దానిని చేరలేదు. కనుక హెచ్చరికకు, చర్యకు మధ్య రైతు చేతిలో ఉండే వ్యవధి కొద్ది రోజులు మాత్రమే. ఆ వ్యవధిలో సలహా అందితే అది విజ్ఞానం. ఆ తరువాత అందితే అది కేవలం సమాచారం.

ఉత్తర తెలంగాణలో ఈ వ్యవధి విలువ మరింత ఎక్కువ. ఆదిలాబాద్ నల్లరేగడి నేలల్లో పత్తి ప్రధాన పంట. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి ప్రాంతాల్లో వరి, మొక్కజొన్న, పసుపు పంటలకు ప్రాధాన్యం ఉంది. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన స్థానం, ఆదిలాబాద్, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ పంటలపై సలహాలను రూపొందిస్తున్నాయి. వాటిని తెలుగులోను, కొన్ని చోట్ల గోండి, కొలామీ భాషల్లోను రైతులకు చేరవేసే పనిలో చిన్న స్వచ్ఛంద సంస్థలు కూడా పాలుపంచుకోగలవు. అటువంటి సంస్థకు ఒక వెబ్‌సైట్ ఉంటుంది. దానిని నడపడానికి ఒకరిద్దరు కార్యకర్తలు, పరిమితమైన నిధులు ఉంటాయి. ఆ వెబ్‌సైట్‌లోని పేజీ ఉట్నూరు సమీపంలోని రైతు ఫోనులో సకాలంలో తెరుచుకోవాలంటే ఏమి చేయవలసి ఉంటుందో, అందులో జాగ్రత్త వహించవలసిన అంశాలేవో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాలువ చెప్పే పాఠం

కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్, సంక్షిప్తంగా సి.డి.ఎన్., అనే ఏర్పాటును అర్థం చేసుకోవడానికి కరీంనగర్ వాసులకు దూరం వెళ్లవలసిన అవసరం లేదు. పోచంపాడు వద్ద గోదావరిపై నిర్మించిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి బయలుదేరే కాకతీయ కాలువ 146వ కిలోమీటరు వద్ద దిగువ మానేరు జలాశయానికి చేరుతుంది. అక్కడ నీరు నిల్వ అయి, దిగువ ఆయకట్టుకు 284వ కిలోమీటరు వరకు సాగుతుంది. సుమారు 24 టి.ఎం.సి.ల సామర్థ్యం గల ఈ జలాశయం మధ్యలో లేకపోతే, దిగువ రైతు అవసరపడిన ప్రతిసారీ పోచంపాడు గేటు ఎత్తేవరకు వేచి ఉండి, నీరు అంత దూరం ప్రవహించి వచ్చేవరకు ఎదురుచూడవలసి వచ్చేది.

వెబ్‌సైట్ విషయంలోను ఇదే సూత్రం. సంస్థ అద్దెకు తీసుకున్న కంప్యూటరు, అనగా మూల సర్వర్, పోచంపాడు వంటిది. అది అమెరికాలోనో, సింగపూర్‌లోనో ఉండవచ్చు. సి.డి.ఎన్. సంస్థలు అనేక నగరాల్లో నెలకొల్పిన నిల్వ కేంద్రాలు దిగువ మానేరు వంటివి. మొదటి రైతు పేజీని కోరినప్పుడు నిల్వ కేంద్రం దానిని మూల సర్వర్ నుంచి తెప్పించి, ఒక నకలును తన వద్ద ఉంచుకుంటుంది. ఆ తరువాత కోరినవారికి ఆ నకలునే అందిస్తుంది.

ఈ ఆలోచన పుట్టుక ఇటీవలిదే. వరల్డ్ వైడ్ వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1995లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఇంటర్నెట్ రద్దీ సమస్యను సహచర శాస్త్రవేత్తల ముందుంచారు. గణిత ఆచార్యుడు టామ్ లైటన్, ఆయన విద్యార్థి డానియల్ లెవిన్ తదితరులు నకళ్లను అనేక సర్వర్ల మధ్య పంచే పద్ధతిని రూపొందించారు. 1998లో వారు స్థాపించిన అకామై సంస్థ ద్వారా ఆ పద్ధతి వాణిజ్య సేవగా మారింది. 2010లో సేవలు ప్రారంభించిన క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ చిన్న వెబ్‌సైట్లకు ఉచిత పథకాన్ని అందుబాటులోకి తెచ్చింది. దానితో ఈ సౌకర్యం పెద్ద సంస్థలకే పరిమితం కాని స్థితి ఏర్పడింది.

ఈ-సాగు అనుభవం

సమాచారాన్ని చేరవేసే మార్గాన్ని బట్టి సలహా రూపాన్ని మలచుకోవడంలో తెలుగు నేలకు మంచి పూర్వానుభవం ఉంది. హైదరాబాద్‌లోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ, మీడియా ల్యాబ్ ఏషియా సహకారంతో, ఆచార్య పి. కృష్ణారెడ్డి నాయకత్వంలో 2004లో ఈ-సాగు అనే ప్రయోగాన్ని చేపట్టింది. వరంగల్ జిల్లాలోని మూడు గ్రామాల్లో 1,051 పత్తి క్షేత్రాలను అందులో చేర్చారు. రైతు ప్రశ్న అడిగేవరకు ఆగకుండా, గ్రామ సమన్వయకర్తలు క్రమం తప్పక చేలను దర్శించి, మొక్కల ఛాయాచిత్రాలు తీసి, పరిశీలనలు నమోదు చేసేవారు. హైదరాబాద్‌లోని వ్యవసాయ నిపుణులు వాటిని పరిశీలించి ఒక్కొక్క చేనుకు ప్రత్యేకంగా సలహా రాసేవారు.

ఆనాటి గ్రామీణ టెలిఫోన్ లైన్లపై వందలాది ఛాయాచిత్రాలను పంపడం సాధ్యం కాదు. అందుచేత నిర్వాహకులు ఛాయాచిత్రాలను సి.డి.లలో నింపి కొరియర్ ద్వారా హైదరాబాద్‌కు పంపేవారు. తిరుగు సలహా మాత్రం అక్షరాల రూపంలో ఉండి బరువు తక్కువ కనుక ఇంటర్నెట్ ద్వారానే గ్రామ కేంద్రానికి చేరేది. బరువైనది బస్సులో, తేలికైనది తీగలో వెళ్లింది. విస్తరణ శాస్త్రవేత్తలు ఇందులో గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. మార్గం సామర్థ్యాన్ని ముందుగా కొలిచి, దానికి తగినట్లు సమాచారాన్ని అమర్చారు. సమాచారాన్ని ఇష్టానుసారం తయారుచేసి మార్గాన్ని నిందించలేదు. సి.డి.ఎన్. నెలకొల్పేటప్పుడూ ఈ వరుసనే పాటించడం మేలు.

ముందుగా బరువు తగ్గించడం

ఒక చీడపీడల సలహా పేజీలో ఫోను కెమెరాతో తీసిన నాలుగు ఛాయాచిత్రాలు ఉన్నాయని, ఒక్కొక్కటి 3 మెగాబైట్లు అని అనుకుందాం. మొత్తం 12 మెగాబైట్లు, అనగా 96 మెగాబిట్లు. ఊరి చివర సిగ్నల్ బలహీనపడి సెకనుకు 2 మెగాబిట్ల వేగం మాత్రమే లభిస్తే పేజీ పూర్తిగా తెరుచుకోవడానికి 48 సెకన్లు పడుతుంది. నిల్వ కేంద్రం ఎంత దగ్గరగా ఉన్నా ఈ కాలం తగ్గదు. ఎందుకంటే ఇక్కడ అడ్డంకి టవరుకు, ఫోనుకు మధ్య ఉన్న చివరి అంచెలో ఉంది. అదే ఛాయాచిత్రాలను ఫోను తెరకు సరిపడే పరిమాణానికి కుదించి, వెబ్‌పి వంటి రూపంలో ఒక్కొక్కటి 100 కిలోబైట్లకు తెస్తే మొత్తం 3.2 మెగాబిట్లే అవుతుంది. పేజీ 1.6 సెకన్లలో తెరుచుకుంటుంది. ఈ లాభానికి సి.డి.ఎన్. అవసరం లేదు, పైసా ఖర్చు కూడా లేదు.

ఛాయాచిత్రాన్ని కుదించేటప్పుడు రోగనిర్ధారణకు అవసరమైన లక్షణం చెదరకుండా చూడాలి. గుడ్డి పువ్వు రేకుల ముడత, కాయపై ఉన్న రంధ్రం స్పష్టంగా కనిపించేలా అనవసరమైన నేపథ్యాన్ని కత్తిరించడం, మొత్తం చిత్రాన్ని మసకబార్చడం కంటే ఉత్తమం.

తెలుగు అక్షరాల విషయంలోను కొంత పొదుపు సాధ్యం. యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 విధానంలో ప్రతి తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి. సర్వర్‌లో జిజిప్ లేదా బ్రాట్లీ కుదింపును అమలు చేస్తే ఈ భారం గణనీయంగా తగ్గుతుంది. ప్రత్యేక తెలుగు ఫాంట్లను పేజీతో పాటు పంపడం మానుకొని ఫోనులో ఉన్న ఫాంటునే వాడుకుంటే మరింత ఆదా. చదవడం కంటే వినడానికి మొగ్గుచూపే గ్రామాలకు గోండి లేదా కొలామీ భాషలో రెండు నిమిషాల శబ్ద సలహాను సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున నమోదు చేస్తే అది 480 కిలోబైట్లకు మించదు. సాధారణ ఛాయాచిత్రం బరువులో ఇది ఆరవ వంతు కూడా కాదు.

దూరం వల్ల కలిగే జాప్యం

బరువు తగ్గించిన తరువాత మిగిలేది దూరం సమస్య. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన ఆదిలాబాద్ నుంచి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కు సంకేతం వెళ్లి రావడానికి 3 మిల్లీసెకన్లు చాలు. అమెరికా తూర్పు తీరానికి వెళ్లి రావడానికి ఆచరణలో 200 మిల్లీసెకన్లు దాటడం సాధారణం.

ఐదవ వంతు సెకను జాప్యం ఏపాటిదని అనిపించవచ్చు. అయితే ఒక పేజీ తెరుచుకోవడానికి ముందు ఫోనుకు, సర్వర్‌కు మధ్య అనేక రాకపోకలు జరుగుతాయి. సంబంధం నెలకొల్పడానికి ఒకటి, భద్రతా ఒప్పందం కుదరడానికి ఒకటి, పేజీని కోరి తొలి భాగం అందుకోవడానికి మరొకటి. రేడియో అంచెలో 50 మిల్లీసెకన్లు, సముద్రాంతర మార్గంలో 220 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే ఒక్కొక్క రాకపోక 270 మిల్లీసెకన్లు. మూడింటికి 810 మిల్లీసెకన్లు. హైదరాబాద్ నిల్వ కేంద్రం నుంచి అయితే రాకపోకకు 60 చొప్పున 180 మిల్లీసెకన్లతో సరిపోతుంది. పైగా ఇంటర్నెట్ నియమాల ప్రకారం సర్వర్ మొదట సుమారు 15 కిలోబైట్లు మాత్రమే పంపి, అందినట్లు కబురు వచ్చిన కొద్దీ మోతాదును రెట్టింపు చేసుకుంటూ పోతుంది. కనుక దూరం ప్రభావం ప్రతి విడతలోను పునరావృతమవుతుంది.

నిల్వ కేంద్రం కరీంనగర్‌లోనో, ఆదిలాబాద్‌లోనో ఉంటే ఇంకా మేలు కదా అన్న సందేహం విద్యార్థులకు కలగవచ్చు. మొబైల్ వినియోగదారుల విషయంలో ఆ లాభం స్వల్పం. ఫోను నుంచి బయలుదేరిన డేటా సాధారణంగా టెలికాం సంస్థకు పెద్ద నగరంలో ఉన్న గేట్‌వేను చేరిన తరువాతనే ఇంటర్నెట్‌లోకి ప్రవేశిస్తుంది. కావున ఆ గేట్‌వేకు సమీపంలో నిల్వ కేంద్రం ఉండడమే ముఖ్యం. 2003లో ఏర్పడిన జాతీయ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజి సంస్థ నెలకొల్పిన మార్పిడి కేంద్రాలు దేశీయ డేటా దేశంలోనే చేతులు మారడానికి తోడ్పడుతున్నాయి. హైదరాబాద్‌లోను అటువంటి కేంద్రం ఉంది. క్లౌడ్‌ఫ్లేర్, అమెజాన్ క్లౌడ్‌ఫ్రంట్ వంటి సేవలకు హైదరాబాద్‌లో నిల్వ కేంద్రాలు ఉన్నాయి.

నెలకొల్పే క్రమం

ఈ పనికి అనువైన కాలం వేసవి. ఏప్రిల్, మే నెలల్లో దుక్కులు దున్నుకున్నట్లే వెబ్‌సైట్‌నూ సిద్ధపరచుకోవాలి. పురుగు ఉధృతి పెరిగిన తరువాత మార్పులు చేపట్టడం శ్రేయస్కరం కాదు. పనిని ఈ కింది వరుసలో చేపట్టవచ్చు.

మొదటిది, యాజమాన్య నిర్ధారణ. డొమైన్ పేరు సంస్థ పేరు మీద నమోదై ఉన్నదో లేదో చూడాలి. ఒక కార్యకర్త వ్యక్తిగత ఈ-మెయిల్‌తో నమోదై ఉంటే, ఆయన సంస్థను విడిచిన నాడు వెబ్‌సైట్ కూడా చేజారే ప్రమాదం ఉంది. ఖాతాకు కనీసం ఇద్దరు బాధ్యులు, రెండంచెల ధ్రువీకరణ ఉండాలి.

రెండవది, సేవ ఎంపిక. హైదరాబాద్‌లో గాని, కనీసం దేశంలో గాని నిల్వ కేంద్రం ఉన్నదా, పాత నకలును వెంటనే తొలగించే వీలున్నదా, పరిమితి దాటితే బిల్లు వస్తుందా లేక సేవ నిలిచిపోతుందా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవాలి. వాడకాన్ని బట్టి బిల్లు వేసే సేవలో ఖర్చు హెచ్చరికను మొదటిరోజే అమర్చుకోవాలి.

మూడవది, చిరునామా మార్పు. డొమైన్ పేరును సర్వర్ చిరునామాగా మార్చే డి.ఎన్.ఎస్. నమోదులన్నింటినీ ముందుగా రాసిపెట్టుకోవాలి. వెబ్‌సైట్ నమోదును మార్చి ఈ-మెయిల్ నమోదును మరచిపోతే సంస్థకు ఉత్తరాలు రావడం ఆగిపోతుంది. మార్పుకు ఒకటి రెండు రోజుల ముందు నమోదుల గడువును 300 సెకన్లకు తగ్గిస్తే, పొరపాటు జరిగినా త్వరగా సరిదిద్దుకోవచ్చు.

నాలుగవది, భద్రత. ఫోనుకు, నిల్వ కేంద్రానికి మధ్యనే కాక నిల్వ కేంద్రానికి, మూల సర్వర్‌కు మధ్య కూడా గూఢలిపి సంబంధం ఉండాలి. మొదటి అంచెను మాత్రమే కాపాడి రెండవ అంచెను వదిలేస్తే, తాళం గుర్తు కనిపిస్తున్నా సమాచారం సగం దారిలో బహిరంగంగా ప్రయాణిస్తుంది. మూల సర్వర్ నిల్వ కేంద్రాల నుంచి వచ్చే అభ్యర్థనలనే స్వీకరించేలా అమర్చడం కూడా అవసరం.

ఐదవది, నిల్వ నియమాలు. ఏ పేజీని ఎంతకాలం నిల్వ ఉంచాలో మూల సర్వర్ ప్రతి జవాబుతో పాటు కాష్-కంట్రోల్ అనే ఆదేశం ద్వారా తెలియజేస్తుంది. ఈ ఏర్పాటులో వ్యవసాయ శాస్త్రవేత్త పాత్ర అత్యంత కీలకమైనది ఇక్కడే.

ఎంతకాలం నిల్వ ఉంచాలి?

వ్యవసాయ సమాచారాన్ని దాని ఆయుష్షును బట్టి నాలుగు తరగతులుగా విభజించవచ్చు. పురుగుల ఛాయాచిత్రాలు, చిహ్నాలు వంటివి మారవు. వాటిని ఒక సంవత్సరం నిల్వ ఉంచవచ్చు. చిత్రాన్ని మార్చవలసి వస్తే పాత పేరుతో కాక కొత్త పేరుతో చేర్చాలి. పంటల యాజమాన్య పద్ధతులు, రకాల వివరాలు సీజనుకు ఒకటి రెండుసార్లు మారుతాయి. వాటికి ఒక రోజు సరిపోతుంది. చీడపీడల హెచ్చరికలు, వాతావరణ సూచనలు గంటల్లో మారవచ్చు; వాటికి 5 నిమిషాల గడువు చాలు. రైతు పేరు, ఫోను నంబరు, సర్వే నంబరు కనిపించే పేజీలను, దరఖాస్తు పత్రాలను అసలు నిల్వ ఉంచరాదు. ఒక రైతు వివరాలతో కూడిన పేజీ నకలు మరొక రైతుకు కనిపించడం సాంకేతిక లోపంగా మాత్రమే కాక, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్ట్యా కూడా తీవ్రమైన విషయం.

ఐదు నిమిషాల గడువు స్వల్పంగా కనిపించినా దాని ప్రయోజనం తక్కువేమీ కాదు. హెచ్చరిక వెలువడిన ఉదయం 5,000 మంది అర మెగాబైటు పేజీని తెరిస్తే మొత్తం 2.5 గిగాబైట్లు. అందులో 95 శాతం నిల్వ కేంద్రమే అందిస్తే మూల సర్వర్‌పై పడే భారం 125 మెగాబైట్లే. తక్కువ అద్దె సర్వర్ కూడా దానిని తట్టుకుంటుంది.

మరొక సూక్ష్మ విషయం ఉంది. నకలు నిల్వ కేంద్రంలోనే కాక రైతు ఫోనులో కూడా ఉంటుంది. నిల్వ కేంద్రంలోని నకలును సంస్థ ఆదేశంతో తొలగించవచ్చు. ఫోనులోని నకలును తొలగించే అధికారం ఎవరికీ లేదు. కాబట్టి ఫోనుకు తక్కువ గడువు, నిల్వ కేంద్రానికి ఎక్కువ గడువు వేర్వేరుగా నిర్దేశించాలి. సలహాను సవరించిన ప్రతిసారీ నిల్వ కేంద్రంలోని పాత నకలు తనంతట తానే తొలగిపోయేలా ప్రచురణ విధానంలోనే ఏర్పాటు చేయాలి. దీనిని మనిషి జ్ఞాపకానికి వదిలివేయరాదు.

పాత సలహా ప్రమాదం

వేగం కోసం చేసే ఈ ఏర్పాటులో అసలు ప్రమాదం నెమ్మది కాదు, పాతదనం. వరిలో ఉల్లికోడు కరీంనగర్ ప్రాంతపు చిరకాల సమస్య. దానిని తట్టుకునే జగిత్యాల సన్నాలు వంటి రకాలు పొలాసలోనే రూపొందాయి. ఒకప్పుడు ఉల్లికోడు నివారణకు ఫోరేట్ గుళికలను సిఫారసు చేసేవారు. పత్తిలో ట్రైజోఫాస్ వాడకం విస్తృతంగా ఉండేది. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో జారీచేసిన ఉత్తర్వు ప్రకారం ఈ రెండింటితో పాటు అలాక్లోర్, డైక్లోర్‌వాస్, ఫాస్ఫామిడాన్, ట్రైక్లోర్‌ఫాన్ మందులపై 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. ఆ తేదీకి ముందు రాసిన పేజీలు, కరపత్రాలు, చిత్రాలు ఆనాటికి సరైనవే. నేడు అవి రైతును నిషేధిత మందు వైపు నడిపించే పత్రాలు.

పురుగుమందుల విషయంలో పొరపాటుకు చెల్లించే మూల్యం ఎంతటిదో ఆదిలాబాద్ రైతులకు తెలియనిది కాదు. 2017లో పెన్‌గంగకు అవతల ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తి చేలపై మందులు చల్లుతూ విషప్రభావానికి లోనై 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించారు. సలహా అన్నది మోతాదుతో, కలపదగని మందుల హెచ్చరికతో, రక్షణ దుస్తుల సూచనతో కూడిన సమగ్ర పత్రం. అందులో ఒక్క వాక్యం పాతబడినా మొత్తం పత్రం ప్రమాదకరమవుతుంది.

మూల సర్వర్ పనిచేయనప్పుడు పాత నకలునే చూపించే వెసులుబాటు అనేక సి.డి.ఎన్. సేవల్లో ఉంది. నేల తయారీ, విత్తనశుద్ధి వంటి పేజీలకు ఇది మంచిదే. మందుల మోతాదు తెలిపే పేజీలకు మాత్రం దీనిని పరిమితంగానే అనుమతించాలి. అంతకంటే ముఖ్యంగా, గడువును సాంకేతిక ఆదేశంలో దాచకుండా సలహాలోనే రాయాలి. ప్రతి పేజీ తలభాగంలో ప్రచురణ తేదీ, ‘ఈ తేదీ తరువాత వాడరాదు’ అన్న సూచన, సిఫారసు చేసిన పరిశోధన స్థానం పేరు ఉండాలి. చిత్ర రూపంలో ఇచ్చే సలహాలో ఆ వివరాలు చిత్రం మీదనే ఉండాలి. రైతు ఆ పేజీని ఫొటోగా తీసి వాట్సాప్‌లో మరో ఊరి బంధువుకు పంపినప్పుడు అది ఏ నిల్వ కేంద్రం అదుపులోనూ ఉండదు. విత్తన సంచిపై గడువు తేదీ లేకపోతే కొనవద్దని రైతుకు చెప్పే విస్తరణ వ్యవస్థ, తన సలహాకు గడువు తేదీ లేకుండా పంపడం సమంజసం కాదు.

చేనులోనే కొలవాలి

ఏర్పాటు పూర్తయిన తరువాత ఫలితాన్ని కార్యాలయపు వై-ఫైలో పరీక్షించి సంతృప్తి చెందరాదు. ఎరువుల ప్రయోగాన్ని అనేక స్థలాల్లో పునరావృతం చేసినట్లే దీనినీ కొలవాలి. జైనూర్, కెరమెరి, ఉట్నూరు వంటి చోట్ల, జగిత్యాల, హుజూరాబాద్ పరిసరాల్లో, రైతులు వాడే సాధారణ ఫోన్లతో, వేర్వేరు టెలికాం సంస్థల సిమ్ కార్డులతో, ఉదయం, రాత్రి వేళల్లో పేజీ తెరుచుకునే కాలాన్ని నమోదు చేయాలి. సగటు కంటే మధ్యస్థ విలువ, అత్యంత నెమ్మదైన పదో వంతు పరిశీలనలు ఎక్కువ సమాచారాన్ని ఇస్తాయి. ఎందుకంటే చివరి ఆయకట్టు రైతు ఆ పదో వంతులోనే ఉంటాడు.

నకలు ఏ నగరం నుంచి వచ్చిందో, అది ఎన్ని సెకన్ల నాటిదో చాలా సేవల్లో జవాబుతో వచ్చే శీర్షికల ద్వారా తెలుస్తుంది. ఉచిత పథకాల్లో కొన్ని టెలికాం నెట్‌వర్కుల నుంచి వచ్చే అభ్యర్థన హైదరాబాద్‌కు కాక వేరే నగరానికో, వేరే దేశానికో మళ్లవచ్చు. ఆ విషయం కొలిస్తేనే బయటపడుతుంది. అట్లాగే ఒక పరీక్ష పేజీలో చిన్న మార్పు చేసి, అది ఎంతసేపటికి అన్ని చోట్లా కనిపించిందో గడియారం పెట్టి చూడాలి. వేగం కంటే ఈ రెండవ కొలత ముఖ్యమైనది. వ్యవసాయ కళాశాలల విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఊళ్లలో బస చేసే కాలంలో ఈ పరిశీలనలను సులభంగా చేపట్టవచ్చు.

నెట్ లేనప్పుడు

సి.డి.ఎన్. సైతం ఆగిపోవచ్చు. 2021 జూన్ 8న ఫాస్ట్‌లీ సంస్థ సేవలు సుమారు గంటసేపు నిలిచిపోయి ప్రపంచవ్యాప్తంగా అనేక ప్రముఖ వెబ్‌సైట్లు ఒకేసారి మూగబోయాయి. కనుక నిల్వ కేంద్రాన్ని తప్పించి మూల సర్వర్‌కు నేరుగా మళ్లించే పద్ధతిని కాగితం మీద రాసి ఇద్దరి వద్ద ఉంచాలి. అడవి అంచు గూడేల్లో సిగ్నలే లేని చోట్లకు వేరే అంచె కావాలి. రాష్ట్రంలో నిర్మించిన 2,601 రైతు వేదికలు, అక్కడి వ్యవసాయ విస్తరణ అధికారులు ఆ అంచెగా ఉపయోగపడగలరు. అధికారి ఫోనులో వారానికోసారి దించుకున్న శబ్ద సలహా బ్లూటూత్ ద్వారా పది మందికి చేరితే అది కూడా ఒక నిల్వ కేంద్రమే. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరు ఆ మీదటి మార్గాలు. ఇక్కడ కూడా గడువు తేదీ నియమమే వర్తిస్తుంది. శబ్ద సలహా మొదటి వాక్యంలోనే తేదీ చెప్పాలి.

ముగింపు

చిన్న స్వచ్ఛంద సంస్థకు సి.డి.ఎన్. నెలకొల్పడం కొన్ని రోజుల పని. ఉచిత పథకంతోనే ఆరంభించవచ్చు. పేజీ బరువు తగ్గించడం, హైదరాబాద్‌కు సమీపంగా నిల్వ చేయడం, సమాచారపు ఆయుష్షును బట్టి గడువు నిర్ణయించడం, సవరించిన వెంటనే పాత నకలును తొలగించడం, ఊళ్లో కొలవడం అన్న ఐదు అంశాలు పాటిస్తే ఆశించిన ఫలితం లభిస్తుంది. వీటిలో మొదటి రెండు కంప్యూటరు తెలిసినవారు చేయగలరు. ఏ సలహా ఎన్నాళ్లు చెల్లుతుందో మాత్రం ఆ సలహా ఇచ్చిన శాస్త్రవేత్తే చెప్పాలి. పరిశోధన స్థానాలు ఇకపై విడుదల చేసే ప్రతి సిఫారసుతో పాటు దాని చెల్లుబాటు కాలాన్ని కూడా పేర్కొంటే, దానిని మోసుకుపోయే వెబ్‌సైట్లకు, నిల్వ కేంద్రాలకు, చివరకు ఫోనులో చదివే రైతుకు అది ఒకే విధంగా ఉపకరిస్తుంది. దిగువ మానేరులో నీరు ఎంత ఉన్నదన్న లెక్కతో పాటు, తూము ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్న నిర్ణయం కూడా ఉన్నప్పుడే చివరి మడికి తడి అందుతుంది.